తెరమీది బొమ్మ: గ్రాఫిక్స్ కార్డు సర్దుబాట్లు

నేడు నేను ప్రసంగింపదలచిన విషయము వీడియో ఆటల చిత్రములను గూర్చినది. కంప్యూటరు తెరమీద కనబడు ఆ బొమ్మలు ఎట్లు తయారగుచున్నవి, వానిని వ్రాయు గ్రాఫిక్స్ కార్డు అను పరికరమును ఎట్లు సర్దుకొనినచో బొమ్మ చక్కగా కనబడును అను రెండు సంగతులను వివరింప యత్నించెదను.

ఇది పిల్లల వ్యవహారము గదా, మాకేల యని మీరు అనుకొనవచ్చును. ఆట పిల్లలదే యగును గాక, సొమ్ము ఇచ్చువారు పెద్దలు. చదువుకొను మనుమడు సెలవులకు వచ్చి, "తాతయ్యా, ఈ కార్డు పాతబడినది, బొమ్మ సాఫీగా కదలుట లేదు, క్రొత్తది కొనవలెను" అని యడుగును. మధ్యరకపు కార్డునకే పదులవేల రూపాయ లగును. ఒక్కొక్క యింట అది ఒక పంటకాలపు మిగులు. అట్టి సమయమున అవుననుటకు గాని, కాదనుటకు గాని కొంత తెలివిడి కావలెను. తెలియక కాదన్నచో పిల్లవాడు నొచ్చుకొనును. తెలియక అవునన్నచో సొమ్ము వృథా కావచ్చును.

ప్రసంగ సారాంశమును ముందుగనే చెప్పుదును. ఒక్కొక్క బొమ్మను వ్రాయుటకు కార్డునకు లభించు కాలము మిక్కిలి స్వల్పమైనది. ఆ కాలమును కంటికి ఆనుచోట వెచ్చించి, ఆననిచోట మిగుల్చుకొనుటయే సర్దుబాటు. ఈ లెక్క చూడకయే క్రొత్తకార్డు కొనుట, గట్టుకు పడిన గండి పూడ్చక క్రొత్త చెరువు త్రవ్వుట వంటిది.

మొదట బొమ్మ సంగతి. వాకిట ముగ్గు వేయునప్పుడు ఆడువారు చుక్కలు పెట్టి, పిదప గీతలు కలుపుదురు. కంప్యూటరు తెరయందు గీతలు లేవు, అంతయు చుక్కలే. వీనిని పిక్సెళ్లందురు. ఇండ్లలో సాధారణముగా వాడుకలో నున్న తెరకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్క లుండును. రెంటిని గుణించినచో 20,73,600 అగును. ఇన్ని చుక్కలలో ప్రతిదానికిని ఏ రంగు ఉండవలెనో తేల్చినగాని ఒక్క బొమ్మ పూర్తి కాదు.

ఆ బొమ్మ కదలుచున్నట్లు తోచుటకు ఒకదానివెంట నొకటిగా అనేకము రావలెను. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలును. కాని సినిమా చూచువాడు ఊరక కూర్చుండి చూచును. ఆట ఆడువాడు మీట నొక్కును. నొక్కిన ఫలితము తోడనే తెరమీద కనబడనిచో వానికి చేయి కట్టివేసినట్లుండును. అందుచేత ఆటలకు సెకనుకు 60 బొమ్మలు ఉండుట మేలని వాడుక. అప్పుడు సెకనుకు 12,44,16,000 చుక్కలకు రంగు తేల్చవలసి యుండును.

సినిమా బొమ్మలు ముందే తీసి పెట్టినవి. ఆటబొమ్మ అట్టిది కాదు. తోలుబొమ్మలాటను తలచుకొనుడు. తోలుబొమ్మ ముందే చేసియుండును గాని, దాని కదలికయు, తెరమీది నీడయు ఆ క్షణముననే పుట్టును. వీడియో ఆటయును అంతియే. వీరుడు, గుఱ్ఱము, చెట్టు, కోట వీని ఆకారములు ముందుగా చేసి పెట్టబడి యుండును. ఆడువాడు కుడికి తిరిగెనా, కుడివైపు దృశ్యము అప్పటికప్పుడు వ్రాయబడవలెను. ఎండ ఎటు పడును, నీడ ఎటు వాలును, నీటిలో ఏది కనబడును అను సమస్తము ఆ క్షణముననే లెక్క కట్టవలెను.

ఈ లెక్క కట్టునదే గ్రాఫిక్స్ కార్డు. కంప్యూటరులో ప్రాసెసరు అను మరియొక ముఖ్యాంగము కలదు. దానిని పండితునితోను, కార్డును నాట్లు వేయు కూలీల బృందముతోను పోల్చవచ్చును. పండితుడు ఎంతటి క్లిష్టమైన సమస్యనైనను విప్పగలడు. కాని పది యెకరముల నాటు ఒక్కడు వేయలేడు. కూలీలు ఒక్కొక్కరు చేయునది చిన్నపనియే. అయినను వందలమంది వరుస కట్టి యొక్కమారుగా వంగినచో పొలము సాయంకాలమునకు పచ్చబడును. కార్డులో ఇట్టి చిన్న లెక్కల అంగములు వేలకొలది యుండి, తలకొక చుక్క చొప్పున పంచుకొని పనిచేయును. అమెరికాలోని ఎన్విడియా సంస్థ 1999లో జీఫోర్స్ 256 అను కార్డును వెలువరించి, దానికి జీపీయూ అను పేరు పెట్టి ప్రచారము చేసెను. ఆ పేరు నాటినుండి లోకమున స్థిరపడినది. ఏఎండీ, ఇంటెల్ సంస్థలును ఇట్టి యంత్రములను చేయుచున్నవి. ఎన్విడియా, ఏఎండీ సంస్థలకు మన హైదరాబాదునను ఇంజనీర్లు పనిచేయు కార్యాలయములు కలవు గనుక ఈ విద్య మనవారికి పరాయిది కాదు.

ఇక కాలపు లెక్క. సెకనుకు 60 బొమ్మలు కావలెనన్నచో ఒక్కొక్క బొమ్మకు లభించునది సెకనులో అరువదవ వంతు. సెకనును వేయి పాళ్లు చేసినచో అందు పదునారు పాళ్ల పైచిల్లర. ఇదియే కార్డునకు దొరకు వంతునీరు. వంతు ముగియులోపల పొలమంతయు తడియవలెను. నీడలకు నాలుగు పాళ్లు, వెలుగునకు ఐదు, నీటి మెరపులకు మూడు, పొగమంచునకు రెండు, మిగిలినవానికి ఆరు అనుకొందము. మొత్తము ఇరువది యైనది. వంతు పదునారే. అప్పుడు బొమ్మ వేళకు సిద్ధము కాదు, కదలిక తడబడును. దీనినే పిల్లలు "ల్యాగు" అని విసుగుకొందురు. నీడలలో రెండు పాళ్లు, పొగమంచులో ఒకటి, మెరపులలో ఒకటి తగ్గించినచో లెక్క సరిపోవును. పిండికొద్ది రొట్టె యన్న సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

సర్దుబాట్లకు పూనుకొనుటకు ముందు ఉన్న కార్డు నిజముగా పనిచేయుచున్నదా లేదా అని చూడవలెను. ఇది నవ్వుమాట కాదు. మా బంధువుల యింట ఒక కుఱ్ఱవాడు మంచి ఖరీదైన కార్డు కొనియు, ఆట సాగుట లేదని దిగులుపడుచుండగా చూచితిని. కంప్యూటరు వెనుక రెండుచోట్ల తెరతీగను తగిలించు రంధ్రము లుండును. ఒకటి కంప్యూటరు మూలఫలకమునకు, రెండవది కార్డునకు సంబంధించినది. ఆ యింట తీగ మూలఫలకమునకు తగిలింపబడి యున్నది. కార్డు గుఱ్ఱము వలె కొట్టములోనే నిలిచియుండెను. బండిని లాగుచున్నది ప్రాసెసరులోని చిన్న చిత్రాంగము. తీగ మార్చుటకు అరనిమిషము పట్టెను. ఒళ్లో పెట్టుకొను ల్యాప్‌టాపులలో ఇదే లోపము మరియొక రూపమున నుండును. వానిలో ఒక చిన్న చిత్రాంగము, ఒక పెద్ద కార్డు రెండును ఉండవచ్చును. విద్యుత్తు ఆదాకై యంత్రము చిన్నదానినే వాడుచుండును. విండోస్ సెట్టింగులలోని డిస్‌ప్లే భాగమున, గ్రాఫిక్స్ అనుచోట ఆ యాట పేరెత్తి, ఎక్కువ శక్తి గలదానిని వాడుమని చెప్పవచ్చును.

మరియొక సంగతి తెర వేగము. కొన్ని తెరలు సెకనుకు 60 మారులు, కొన్ని 120 గాని 144 గాని మారులు బొమ్మను మార్చగలవు. 144 మారులు మార్చగల తెరను కొనియు, విండోస్ సెట్టింగులలో 60 దగ్గరనే విడిచిపెట్టినవారు కలరు. అట్టివారు సొమ్ము పెట్టి కొనిన గుణమును పెట్టెలోనే ఉంచినవారగుదురు. దీనికి విపర్యయముగ, 60 మారులే మార్చగల తెర ముందు కార్డు సెకనుకు 200 బొమ్మలు వ్రాసినను చెవిటివాని ముందు శంఖ మూదినట్లే యగును. మీట నొక్కినదానికి కొంత త్వరగా ఫలితము తోచునే గాని, కంటికి అన్ని బొమ్మలు చేరవు.

తరువాత చూడవలసినది, తడబాటునకు కారణము కార్డా, ప్రాసెసరా అనునది. బండికి రెండెడ్లు కట్టినప్పుడు నడక మందపు టెద్దు ననుసరించియే యుండును. మందముగా నడచునది ఒకటియైతే మరియొకదానిని మార్చుట నిష్ఫలము. పరీక్ష సులభము. ఆటలోని సెట్టింగులలో రిజొల్యూషను అను అంశము కలదు. అది చుక్కల సంఖ్య. దానిని 1920, 1080 నుండి 1280, 720 నకు దించినచో చుక్కలు 20,73,600 నుండి 9,21,600 కు దిగును. కార్డు పని సగమునకు పైగా తగ్గును. అప్పుడు సెకనుకు వచ్చు బొమ్మల సంఖ్య బాగుగ పెరిగినచో అడ్డు కార్డే. ఏ మాత్రమును పెరగనిచో అడ్డు సాధారణముగా ప్రాసెసరు వద్ద నున్నది. క్రొత్తకార్డు కొనినను ఫలము స్వల్పము. ఈ బొమ్మల సంఖ్యను తెరమూలన చూపు సాధనము అనేక ఆటలలోనే యుండును. కార్డుతోపాటు వచ్చు సాఫ్టువేరులోను ఉండును. పదులవేల రూపాయలు పెట్టుటకు ముందు ఐదు నిమిషముల ఈ పరీక్షను చేయింపుడని నా మనవి.

ఇప్పుడు ఒక్కొక్క సర్దుబాటును పరిశీలింతము. ఆటలోని సెట్టింగుల పుటను తెరచినచో ఇరువది ముప్పది అంశములు కనబడి భయము గొల్పును. వెల ననుసరించి వానిని మూడు తెగలు చేయవచ్చును.

మొదటి తెగ, తక్కువ వెలకు ఎక్కువ అందము నిచ్చునవి. టెక్స్చరు అనునది ఆకారముమీద కప్పు పైపూత. గోడ యనగా ఒక పలక. ఇటుకల రంగును, గరుకుతనమును తెచ్చునది టెక్స్చరు. ఇది కార్డు కాలమును అంతగా తినదు. కార్డుమీదనున్న జ్ఞాపకాంగమున చోటు మాత్రము తీసికొనును. ఆ చోటు గాదె వంటిది. గాదెలో పట్టినంతవరకు ధాన్యము పోయుట సులభమే. పట్టక వెలుపల పోసి మాటిమాటికి లోనికి వెలుపలికి మోయవలసి వచ్చినప్పుడే చిక్కు. ఆ చోటు 8 జీబీ యున్నదా, 4 జీబీ యున్నదా చూచుకొని, దానికి తగినంత ఎత్తున టెక్స్చరును నిలుపవలెను. ఈ తెగలోనిదే అనైసోట్రోపిక్ ఫిల్టరింగు. పేరు పెద్దది, పని చిన్నది. మన కాళ్ల దగ్గరి బాట స్పష్టముగా నుండి, దూరమునకు పోను పోను అలికినట్లు మసకబారుట దీని లోపముచేతనే. దీనిని 16 అను అంకెకు పెంచినచో బాటమీది రాళ్లు దూరమున కూడ తేటపడును. నేటి కార్డులకు దీని భారము మిక్కిలి తక్కువ.

రెండవ తెగ, వెల యెక్కువై ఫలము మితముగా నుండునవి. నీడలు ఇందు ముఖ్యములు. నీడను వ్రాయుటకు కార్డు దీపము నిలిచిన చోటినుండి దృశ్యమును మరియొకమారు చూడవలెను. దీపమునకు ఏది కనబడదో అచ్చట నీడ పడును. అనగా ఒక్కొక్క దీపమునకు పని మరల మొదటికి వచ్చుచున్నదన్నమాట. నీడలను అత్యున్నతము నుండి ఒకటి రెండు మెట్లు దింపినచో అంచులు కొంత మెత్తబడును గాని, పరుగెత్తు ఆటగాడు దానిని గమనింపడు. యాంబియెంట్ ఒక్లూషను అనునది మూలలలోను, వస్తువులు ఒకదానినొకటి తాకుచోట్లను కమ్ము మసక నీడ. గోడయు నేలయు కలియుచోట కొంత చీకటి యుండుట మనము నిత్యము చూచునదే. తెరమీది బొమ్మనుండియే దీనిని ఊహించి వ్రాయు పద్ధతిని జర్మనీ దేశపు క్రైటెక్ సంస్థ 2007లో క్రైసిస్ అను ఆటతో ప్రసిద్ధికి తెచ్చెను. ఇది లేనిచో వస్తువులు నేలమీద తేలుచున్నట్లు తోచును. కావున దీనిని పూర్తిగా తీసివేయక మధ్యస్థముగా నుంచుట మంచిది.

రే ట్రేసింగు అనునది వెలుగు కిరణముల మార్గమును అనుసరించి, అద్దములోను నీటిలోను ప్రతిబింబములను ఉన్నదున్నట్లు తెచ్చు పద్ధతి. ఆటలు జరుగుచుండగనే దీనిని చేయుటకు ప్రత్యేకాంగములు గల కార్డులను ఎన్విడియా 2018లో వెలువరించెను. అందము మాట నిజమే. వెలయు అంతే నిజము. మధ్యరకపు కార్డు గలవారు ముందుగా విడిచిపెట్టవలసినది ఇదియే.

మూడవ తెగ, వెల కంటె అభిరుచికి సంబంధించినవి. తల త్రిప్పినప్పుడు బొమ్మ చెదరినట్లు చేయు మోషన్ బ్లరు, పాత ఫిల్ము వలె ఇసుక చల్లినట్లు కనబడు గ్రెయిను మొదలగునవి. బొమ్మ తేటగా లేదని చింతించు పలువురకు వీనిని ఆపివేయుటతోనే చింత తీరును. ఇందుకు కానీ ఖర్చు లేదు.

దూరపు కొండలు నునుపు అని మనవారు లోపముగా చెప్పుదురు. ఆటలను చేయువారు దీనినే ఉపాయముగ వాడుకొనుచున్నారు. దగ్గరి చెట్టునకు ప్రతి ఆకును వ్రాసి, దూరపు చెట్టునకు నాలుగు పలకలతో సరిపెట్టుదురు. వ్యూ డిస్టెన్సు, అనగా చూపుమేర యను సర్దుబాటు ఈ మార్పు ఎంత దూరమున జరుగవలెనో నిర్ణయించును. ఇది ప్రాసెసరునకు కూడ భారము గనుక, మందపు టెద్దు ప్రాసెసరే యని పరీక్షలో తేలినవారు దీనిని దించి చూడవలెను.

వెచ్చించినదానికిని కంటికి ఆనినదానికిని గల భేదమును స్పష్టముగా చూపు ఉదాహరణ మొకటి కలదు. పోలండు దేశమునకు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ అను సంస్థ 2015 మే 19వ తేదీన ది విచర్ 3 అను ఆటను వెలువరించెను. అందలి కథానాయకునికి తెల్లని జుట్టు. అడవిలో బొచ్చుగల మృగములు. ఈ జుట్టును వెంట్రుక వెంట్రుకగా కదలించుటకు ఎన్విడియా సంస్థ చేసిన హెయిర్‌వర్క్స్ అను ఏర్పాటును అందు చేర్చిరి. అది అమలు చేయగనే అనేకుల కార్డులు, అందును ముఖ్యముగా ఏఎండీ కార్డులు, మోకరిల్లినవి. కారణ మేమనగా, టెసలేషను అను ప్రక్రియచే వంపుగల గీతను చిన్న చిన్న ముక్కలుగా చేయుదురు. ముక్కలు ఎక్కువైనకొలది వంపు నునుపగును. ఇచ్చట ఆ ముక్కల సంఖ్య 64 వరకు పోవుచుండెను. ఒక చుక్క యంత సన్నమైన వెంట్రుకను అన్ని ముక్కలు చేసినను కంటికి తెలియునది స్వల్పము.

ఏఎండీ కార్డు గలవారు ఒక ఉపాయము కనుగొనిరి. కార్డుతో వచ్చిన నియంత్రణ సాఫ్టువేరులో టెసలేషనునకు పరిమితి విధించు మీట కలదు. దానిని 16 వద్ద గాని 8 వద్ద గాని నిలిపిరి. ఆట వేగము పుంజుకొన్నది. జుట్టు అందము ఇంచుమించు చెక్కుచెదరలేదు. తరువాత ఆటకు చేసిన సవరణలలో ఈ జుట్టు నాణ్యమును తగ్గించుకొను సౌకర్యమును ఆటలోనే చేర్చిరి. కార్డు మారలేదు, ఆట మారలేదు. వృథా వ్యయము మాత్రము తగ్గినది. మీ మనుమడు సెట్టింగులన్నిటిని "అల్ట్రా" యను చివరి మెట్టున పెట్టి, కార్డు చాలదని యన్నచో ఈ వెంట్రుకల కథను జ్ఞాపకము చేయుడు.

ఇన్ని చేసినను లోటు తీరనిచో అప్‌స్కేలింగు అను క్రొత్త మార్గము కలదు. బొమ్మను తక్కువ చుక్కలతో వ్రాసి, తెలివిగా పెద్దది చేసి చూపుటయే దీని యందలి సూత్రము. ఎన్విడియా తెచ్చిన డీఎల్ఎస్ఎస్, ఏఎండీ 2021లో తెచ్చిన ఎఫ్ఎస్ఆర్ ఇట్టివి. రెండవదాని తొలి రూపములు ఇతర సంస్థల కార్డులమీదను, పాతకార్డులు పెక్కింటిమీదను పనిచేయుట విశేషము. "క్వాలిటీ" యను మెట్టున రెండు ప్రక్కలను సుమారు మూడింట రెండు వంతులు చేసి వ్రాయును. అనగా చుక్కలు నూటికి 44 మాత్రమే. పెద్ద తెరలమీద భేదము కనిపెట్టుట కష్టము. చిన్న తెరలమీద కొంత అలికినట్లు తోచవచ్చును. మొదట "క్వాలిటీ" మెట్టుననే పెట్టి చూచి, తప్పనిసరియైనప్పుడే క్రిందికి దిగవలెను.

కొందరికి బొమ్మ వేగముగనే యుండియు, మధ్య అడ్డముగా చీలినట్లు కనబడును. పైభాగము ఒకచోట, క్రిందిభాగము మరియొకచోట. తెర ఒక బొమ్మను చూపుచుండగనే కార్డు మరియొకదానిని అందించుటచేత ఇది కలుగును. కార్డు బలహీనతకు గుర్తు కాదు. వీ-సింకు అను సర్దుబాటు పెట్టినచో కార్డు తెర వంతు వచ్చువరకు ఆగి యిచ్చును, చీలిక పోవును. కాని మీట నొక్కినదానికి ఫలితము రవ్వంత ఆలస్యమగును. ఇందుకు విరుగుడుగా తెరయే కార్డును అనుసరించు పద్ధతి వచ్చినది. ఎన్విడియా 2013లో జీ-సింకు అను పేరుతోను, ఏఎండీ 2015లో ఫ్రీ-సింకు అను పేరుతోను దీనిని ప్రవేశపెట్టెను. తెరకు ఈ గుణ మున్నచో సెకనుకు 45, 50 బొమ్మలైనను కదలిక సాఫీగా తోచును.

టీవీకి కంప్యూటరును కలిపి ఆడువారికి మరియొక సూచన. నలుపు బూడిదరంగుగా, బొమ్మంతయు పొగచూరినట్లు కనబడినచో రంగుల మేరలో తేడా యుండవచ్చును. కంప్యూటరు రంగులను 0 నుండి 255 వరకు లెక్కించును. టీవీ సంప్రదాయము 16 నుండి 235 వరకు. కార్డు ఒక కొలతతో పంపి, టీవీ మరియొక కొలతతో చదివినచో ఒక ఊరి మానికతో కొలిచి వేరొక ఊరి మానికతో లెక్క చూచినట్లగును. కార్డు సాఫ్టువేరులో ఫుల్, లిమిటెడ్ అను రెండు మాటలు కలవు. టీవీలోను ఇట్టి మీట యుండును. రెండును ఒకటిగా నుండునట్లు చూచినచో నలుపు నలుపగును.

కార్డు పని పెరిగినకొలది వేడెక్కును. మన ఎండకాలమున గదియే కాగుచుండగా కార్డు మరింత కాగి, తనను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. ఉదయము బాగుగనున్న ఆట మధ్యాహ్నము తడబడినచో వేడిమిని శంకింపవలెను. మన పల్లెలలో దుమ్ము మెండు; కంప్యూటరును ఆపి, విద్యుత్తు తీగను తీసి, పంకాలకు పట్టిన దుమ్మును మెత్తని కుంచెతో దులుపుట మంచిది. సెకనుకు ఇన్ని బొమ్మలకు మించరాదని హద్దు పెట్టు సర్దుబాటు కూడ కలదు. తెర వేగము 60 అయినప్పుడు హద్దును 60గా నుంచినచో కార్డు చల్లబడును, పంకా రొద తగ్గును, కరెంటు ఖర్చును కొంత కలిసివచ్చును. కార్డు వేగమును దాని సహజపు మేరకు మించి పెంచు ఓవర్‌క్లాకింగు అను విద్య యొకటి కలదు. అందువలన వచ్చు లాభము కొద్దిది, వేడిమి అధికము. విద్యుత్తు నిలకడలేని యిండ్లలో దానికి పోకుండుటయే క్షేమమని నా యభిప్రాయము.

కడపట, ఈ పనులను ఏ క్రమమున చేయవలెనో చెప్పి ముగించెదను. మొదట తీగను, తెర వేగమును చూడవలెను. పిదప చుక్కలు తగ్గించి ఏ యెద్దు మందమో కనుగొనవలెను. తరువాత అన్నిటిని మధ్యపు మెట్టున నుంచి, ఆటలో ఒకేచోట నిలిచి బొమ్మల సంఖ్యను వ్రాసికొనవలెను. అటుపైన ఒక్కొక్క అంశమునే మార్చి, మార్చినప్పుడెల్ల అచ్చటనే నిలిచి సంఖ్యను మరల వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒక్కసారిగా చేసినచో ఫలము దేనిదో తెలియదు. ఒక్క పూటలో నాలుగైదు వరుసల పట్టీ తయారగును. ఏది ఎంత తినుచున్నదో, ఎంత అందము నిచ్చుచున్నదో ఆ పట్టీయే చెప్పును.

కార్డు కావలెనని పిల్లవాడు అడిగినప్పుడు, "మొదట ఆ పట్టీని తీసికొని రమ్ము" అని యనుడు. సర్దుబాటుతో పని తీరినచో సొమ్ము మిగులును. తనంత తాను పరీక్షించి సాధించితి నను తృప్తి వానికి మిగులును. అన్నిటిని దించినను ఆట సాగుట లేదనియు, అడ్డు కార్డే యనియు పట్టీ తేల్చినచో అప్పుడు కొనుట న్యాయము. కొనదగినది ఎంతటిదో కూడ ఆ లెక్కయే సూచించును. ఇచ్చినను, మానినను కారణము తెలిసి చేసినవా రగుదురు.